షంషుద్దీన్ సాయిబు బొమ్మల్లో బిందెలు

పుంగనూరుకు ఒక చరిత్ర ఉంది, మదనపల్లెకు ఒకటి ఉంది, కుప్పానికి ఇంకొకటి. మూడింటినీ కలిపి ఒకే గ్రంథంగా రాయాలని ఏ పండితుడైనా పూనుకుంటే, మొదటి అధ్యాయం ఒక ఫిలిం ముక్కతో మొదలుపెట్టక తప్పదు. పాలెగాళ్ల కాలం నుంచీ ఈ మూడు ఊళ్లూ ఏ ఒక్క సంగతిలోనూ ఒక మాట మీదికి రాలేదు. మదనపల్లె తన చల్లగాలిని చూసుకుని మురిసేది, పుంగనూరు తన పొట్టి ఆవులను చూసుకుని, కుప్పం తన రైలును చూసుకుని. వీటిని ఏకం చేసిన ఘనత గుల్షన్ టూరింగ్ టాకీసు యజమాని, ఆపరేటరు అయిన షంషుద్దీన్ సాయిబుకే దక్కాలి. ఆయన ఏ బొమ్మ ఆడించినా, అది పురాణమైనా, జానపదమైనా, దయ్యాల బొమ్మైనా, ఎక్కడో ఒకచోట ఆరుగురు అమ్మాయిలు ఇత్తడి బిందెలు చంకన పెట్టుకుని వచ్చి ఆడిపోవలసిందే. ఆ బొమ్మకూ ఆ అమ్మాయిలకూ ఏ సంబంధమూ ఉండేది కాదు.

ఆ ముక్క చాలా చిన్నది. ఒక తమలపాకు మడిచి, సున్నం రాసి, నోట్లో పెట్టుకుని దవడకు తోసేలోపల అయిపోతుంది. రంగు పూసిన అట్ట చెట్టు వెనక నుంచి అమ్మాయిలు వరసగా వస్తారు. ఒక చుట్టు తిరుగుతారు. వరసలో మూడో అమ్మాయి అడుగు మిగిలినవాళ్ల కంటే ఒక రవ్వ ఆలస్యంగా పడుతుంది. బిందెలు దించి, మనకేసి చూసి, ఏదో చెప్పబోయి చెప్పకుండా మళ్లీ చెట్టు వెనక్కి వెళ్లిపోతారు. పాట సగం మాటలో మొదలై సగం మాటలో తెగిపోతుంది. తెగిన మాటలేమిటో ఎవరికీ తెలియదు గనక మూడు ఊళ్ల ఆడవాళ్లూ మూడు రకాలుగా పూరించుకుని వడ్లు దంచేటప్పుడు పాడుకునేవారు.

సీతమ్మ అశోకవనంలో కన్నీరు పెట్టుకుంటుంటే బిందెలు వచ్చాయి. రాజుగారు కన్నకొడుక్కి మరణశిక్ష వేస్తుంటే, తలారి కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండగా, బిందెలు వచ్చాయి. ఒకసారి నడిసముద్రంలో ఓడ మునిగిపోతుంటే కూడా వచ్చాయి. ఆరోజు పెద్దమండ్యం నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన మెట్టరైతులు నేల మీద కూర్చుని ఓడను పట్టించుకోలేదు, బిందెలనే చూశారు.

"ఇన్ని నీళ్లు యాడివప్పా ఈ పిల్లోళ్లకు? మా బాయిలో కప్పకు గూడా తడి లేదే!"

"అది సినిమా బాయిరా. నీకు గావాలంటే తెర ఎనకాలకు పోయి తవ్వుకో."

ఈ వ్యవహారంలో అందరికంటే ఎక్కువ కష్టపడినవాడు మునెప్ప. డేరాకు గేటుకాపరి అతనే, ఊళ్లో ప్రచారకర్తా అతనే. పగలు ఎద్దులబండి మీద నిలబడి, పక్కన తప్పెట మోగుతుంటే, రేకు గొట్టం నోటికి పెట్టుకుని బొమ్మ పేరు అరిచేవాడు. సాయంత్రం గేటు దగ్గర టికెట్లు చించేవాడు. మర్నాడు వీధిలో కనబడితే జనం అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకునేవాడు. ఈ మూడో పనికి జీతం లేదు.

"ఈ బొమ్మలో బిందెలు యాడొస్తాయి మునెప్పా? ముందరా, ఎనకా?"

"నాకేం తెలుసప్పా, నేను గేటుకాడ ఉంటాను."

"తెలీకుండానే అంత కేకలేస్తాండావా? బో ప్రచారం లే!"

బిందెలు ఇంటర్వెల్లుకు ముందు వస్తాయని కొందరు, తర్వాత వస్తాయని కొందరు బీడీ కట్టలు పందెం కాసుకునేవారు. పందెం పోయినవాడు మునెప్పను తిట్టేవాడు. గెలిచినవాడు సాయిబును మెచ్చుకునేవాడు.

మునెప్పకు పద్ధతి అంటే ప్రాణం. బొమ్మ అంటే కథ, కథ అంటే వరస, వరస అంటే మధ్యలో బిందెలు రాకుండా ఉండడం అని అతని సిద్ధాంతం. మకాం మారినప్పుడల్లా, రేకులతో కట్టిన మిషను గది గుమ్మంలో నిలబడి సాయిబును నిలదీసేవాడు.

"యాల సాయిబూ ఆ ముక్క అతికిస్తావు? ఆడ రాక్షసుడు ఏడస్తాంటే ఈడ ఈళ్లొచ్చి ఎగరతారే!"

జవాబుకు సాయిబు ఎన్నడూ తడుముకోలేదు. పుంగనూరులో అడిగితే, "ఫిలింకు దప్పికయితాది మునెప్పా. అంతసేపు మంట ముందర తిరగతాది గదా, నీళ్లు సూపించాల్నా వద్దా?" అన్నాడు. మదనపల్లెలో అడిగితే, "నడుమ ఇత్తడి సూస్తే కండ్లకు మంచిదని హకీం చెప్పినాడు," అన్నాడు. కుప్పంలో అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "యుద్ధం రోజులప్పా. ఆ ఆరుగురికీ ఇంక యాడా పని లేదు. మనం గూడా పొమ్మంటే యాడికి పోతారు?" అన్నాడు.

ఆడవాళ్ల వైపు టికెట్లిచ్చే సాయిబు భార్య రహీమున్నీసా పరదా సందులోంచి తల పెట్టి, "మా నిఖా దినం ఖాజీగారు ఒక రవ్వ నిదానం చేసింటే, ఆడగూడా బిందెలు తెప్పించుండును ఈ మనిషి," అనేది.

డేరాతో పాటు ఊరూరూ తిరిగే మనిషి ఇంకొకతె ఉంది. ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మే ఎల్లమ్మ. డేరా గుడ్డలు, గుంజలు, ఆయిల్ ఇంజను ఎక్కిన బండి మీదే, తన గంపను ఒళ్లో పెట్టుకుని, ఆమె కూడా మూడు ఊళ్ల మధ్యా ప్రయాణం చేసేది. ఆట మొదలైతే నేల టికెట్లవాళ్ల మధ్య రెండో గుంజకు ఆనుకుని కూర్చునేది. బిందెలు వచ్చినప్పుడు మాత్రం బేరం మధ్యలో ఆపి, తెరకేసి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకునేది. ఇంజను పొగ పడదేమో అనుకునేవాడు మునెప్ప.

దీపావళి అమావాస్య వచ్చే వారం డేరా కుప్పంలో ఉండాలన్నది సాయిబు పెట్టుకున్న నియమం. ఆ వారమంతా దయ్యాల బొమ్మలూ, వింత బొమ్మలూ తప్ప ఇంకేవీ ఆడించేవాడు కాదు. యుద్ధం వల్ల ముడి ఫిలిం కరువై కొత్త బొమ్మలు తగ్గిపోయాయి గనక పాతవే ఏటేటా చుట్టాల్లా తిరిగి వచ్చేవి. 'పుర్రెల మేడ' వచ్చేది, ఏడాదికేడాది గీతలు పెరిగి, మేడ మీద ఎప్పుడూ వాన కురుస్తున్నట్టు ఉండేది. 'మూడు నీడల మనిషి' వచ్చేది. అందులో మనిషి పడుకుంటే అతని నీడలు మూడూ లేచి సంతకు పోయి వంకాయలు బేరమాడతాయి. 'తలకిందుల కోట' వచ్చేది. దాన్ని ఒకసారి పొరపాటున రీలు తిరగేసి వేస్తే కోట నిటారుగా కనబడి జనం భయపడ్డారు.

ఆ రోజుల్లో కుప్పానికి ఒక తెల్లటి మంచు దిగేది. టపాకాయలు దొరక్క పిల్లలు కాల్చిన ఆముదపు దివిటీల పొగ మంచులో కలిసి మెల్లగా డేరాలోకి జొరబడేది. జనం గొంగళ్లు కప్పుకుని, ముఖాలు మాత్రం బయట పెట్టుకుని, నేలంతా పరుచుకుని కూర్చునేవారు. మిషను గది బొక్కలోంచి వెలుగు ఒక పొడుగాటి పంచెలా వచ్చి తెర మీద ఆరేది. గాలి వీస్తే తెర ఊపిరి పీల్చి వదిలేది, తెర మీది రాజులూ రాక్షసులూ దానితో పాటే ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బేవారు. టికెట్టు కొనలేనివాళ్లు తెర వెనక కూర్చుని చూసేవారు. వాళ్ల వైపు అందరూ ఎడమచేత్తో కత్తి తిప్పేవారు. ఆ వైపు నుంచి చూడడం మరిగినవాళ్లకు ముందువైపు బొమ్మ తప్పుగా కనిపించేదట.

ఆ వారం చూసిన బొమ్మలు జనం కలల్లోకి కూడా వెళ్లేవి. వాటి వెంట బిందెలూ వెళ్లేవి. పుర్రెల మేడలో మాంత్రికుడు తరుముకొస్తున్నాడని కల వస్తే కుప్పంవాళ్లెవరూ కేకలు వేసేవారు కారు. కాసేపు ఓపిక పడితే అట్ట చెట్టు వెనక నుంచి అమ్మాయిలు వస్తారని కలలో కూడా వాళ్లకు తెలుసు. వచ్చేవారు కూడా. తెల్లవారి బావి దగ్గర, "నిన్న రేయి నాకు మూడో పిల్ల నీళ్లు పోసి పోయినాది," అని ఒకరితో ఒకరు చెప్పుకునేవారు. ఇందులో వింత ఉందని ఎవరికీ తోచలేదు.

ఇటువంటి వారంలోకి రైలు దిగాడు రామచంద్ర.

రామచంద్ర మదరాసులోని ఫిలిం కంపెనీ మనిషి. కొత్త బొమ్మ పెట్టె వెంట వచ్చి, అది పద్ధతిగా ఆడిందో లేదో కనుక్కుని, టికెట్ల లెక్క చూసుకుని వెళ్లడం అతని ఉద్యోగం. ప్యాంటు, కోటు, టోపీ, ఒకదాని వెంట ఒకటి సిగరెట్టు. అతను తెచ్చిన బొమ్మ పేరు 'గబ్బిలాల రాణి'. ఆ ఏడాది వచ్చిన ఒకే ఒక్క కొత్త దయ్యాల బొమ్మ అది. దాని కోసం జనం పెద్దతిప్పసముద్రం నుంచి కూడా బండ్లు కట్టారు.

"సాయిబు గారూ, మీ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు," అన్నాడు రామచంద్ర, మిషను గదిలో నిలబడి. "మా బొమ్మలో ఒక్క అడుగు తగ్గకూడదు. ఒక్క అడుగు పెరగకూడదు. బిందెలు కనిపించాయంటే పెట్టె మూసి రైలెక్కిస్తాను. తర్వాత మదరాసులో ఏ కంపెనీ అయినా మీకు బొమ్మ ఇస్తుందేమో మీరే చూసుకోండి."

"ఒక్కసారి సార్. సిన్న ముక్క. కన్ను మూసి తెరిసేలోపల..."

"కన్ను మూయడానికి కాదు కంపెనీ నన్ను పంపించింది. ఏదీ, ఆ ముక్క ఇటివ్వండి."

గుమ్మంలో నిలబడిన మునెప్పకు లోలోపల పండగలా ఉంది. ఇన్నేళ్లకు ఒక్క బొమ్మ వరసగా ఆడబోతోంది.

సాయిబు తన సామాన్ల పెట్టె అడుగు నుంచి ఒక పొగాకు డబ్బీ తీశాడు. డబ్బీలో పట్టు రుమాలు, రుమాలులో ముక్క. దాన్ని రామచంద్ర కోటు జేబులో వేసుకున్నాడు. వేసుకుని అలవాటుగా సిగరెట్టు వెలిగించబోయాడు. సాయిబు గభాల్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నక్కో సార్, నక్కో! జేబులో ఆరుగురు ఆడపిల్లలుండారు. నిప్పు సోకితే బగ్గుమంటాది ఫిలిం. వాళ్లతోబాటు మీరు గూడా పోతారు."

రామచంద్ర అగ్గిపుల్ల ఆర్పేశాడు. ఆ సాయంత్రమంతా అతను సిగరెట్టు లేకుండా గడపవలసి వచ్చింది. జరగబోయే దానిలో ఈ సంగతికి కూడా కొంత పాత్ర ఉంది.

ఆట వేళకు సాయిబు మునెప్పను మిషను గది వెనక్కి పిలిచాడు.

"మునెప్పా, ఎల్లమ్మను ఈ పొద్దు లోపలికి రానియ్యద్దు. ఏదో ఒకటి చెప్పు. రేపు రమ్మను."

"యాల సాయిబూ?"

దప్పిక అనలేదు, హకీం అనలేదు. సాయిబుకు జవాబు తడుముకోవలసి రావడం మునెప్ప మొదటిసారి చూశాడు.

"ఆ మూడో పిల్ల ఎల్లమ్మ బిడ్డప్పా," అన్నాడు చివరికి.

ఎప్పుడో, మునెప్ప డేరాలో చేరకముందు, ఆ ముక్క ఇంకా తన అసలు బొమ్మలోనే ఉన్న రోజుల్లో, పుంగనూరులో ఆట జరుగుతుండగా నేల టికెట్లవాళ్లలోంచి ఒక కేక వినబడిందట. "ఓ పాపమ్మా!" అని. ఎల్లమ్మ లేచి నిలబడి తెరకేసి చేతులు చాచి ఏడ్చిందట. ఆమె కూతురు పాపమ్మ అంతకు ముందే తల్లితో పోట్లాడి ఇల్లు విడిచి పోయింది. నాటకాలవాళ్ల వెంట మదరాసు పోయి సినిమాలో చేరిందని ఊళ్లో అనుకున్నారు. ఆ మూడో పిల్ల నడక పాపమ్మ నడకే. మర్నాడు ఆ పెట్టె కంపెనీకి తిరిగి పోవాలి. పోతే ఆ తల్లి కూతురిని మళ్లీ ఎక్కడ చూస్తుంది? సాయిబు కత్తెర తీశాడు. పెట్టె తిరిగి వెళ్లింది, పాపమ్మ మాత్రం ఉండిపోయింది. ఆనాటి నుంచి ఆ తల్లి గంప నెత్తిన పెట్టుకుని డేరా వెంటే తిరుగుతోంది.

"ఈ పొద్దు ఆ ముక్క ఏస్తే బొమ్మ పోతాది," అన్నాడు సాయిబు. "బొమ్మలు రాకుంటే డేరా పోతాది. డేరా పోతే ఆ తల్లి బిడ్డను యాడ సూస్తాది సెప్పు? అందుకే ఈ ఒక్క దినం ఎట్లనో ఒకట్ల ఆపు. బిడ్డ కోసరం సూస్తా కూసోనుంటే, బిడ్డ రాకుంటే... నేను ఆ బొక్కలోంచి సూడలేనప్పా."

మునెప్ప గేటు దగ్గరికి వచ్చాడు. ఆట మొదలైంది. ఎల్లమ్మ అందరి కంటే వెనక, వేడి చెనిక్కాయల గంప దించి, చుట్ట కుదురు సర్దుకుంటోంది. మునెప్ప దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ పొద్దు లోపలికి వద్దులే అమ్మా. శానా పొగ."

"పొగ లేంది ఎప్పుడప్పా? జరుగు."

"దయ్యాల బొమ్మ. భయపడతావు."

"నీ మొగం సూడంగా సూడంగా నాకు దయ్యాలంటే భయం పోయినాది. జరగమంటే!"

మునెప్పకు అబద్ధాలకు కూడా ఒక వరస ఉండాలి. రెండు అయిపోయాక మూడోది దొరకలేదు. తల వంచుకుని, "నీ బిడ్డ ఈ పొద్దు రాదమ్మా. కంపెనీ ఆయప్ప ఆ ముక్క పెరుక్కున్యాడు," అన్నాడు.

 ఎల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని మునెప్ప ముఖం తిప్పుకున్నాడు. తిరిగి చూస్తే ఆమె గేటు గుంజ పట్టుకుని, నిలబడలేక, నవ్వుతోంది.

"ఆ పిల్ల ఎవురో నాకేం తెలుసు నాయనా?"

"నీ బిడ్డ కాదా?"

"నా బిడ్డ సోమలలో ఉండాదప్పా! మూడు పాడి ఎనుములు, ఇద్దరు పిల్లోళ్లు. మొదటేడు నేనూ అదే అనుకుంటి. ఆ నడక సూసి మతి పోయి అరిస్తి, నిజమే. మరుసటేడు పుంగనూరు సంతలో నా బిడ్డ మొగుణ్ణి పక్కన పెట్టుకోని ఆవును బేరమాడతాండె! మదరాసూ పోలే, నాటకమూ ఆడలే. పుంగనూరుకు కూతవేటు దూరంలో, సోమలలో రెడ్డెప్ప అనే వాణ్ణి కట్టుకోని పేడ ఎత్తతాండె. సంతలోనే ఇద్దరమూ కొట్టుకోని, ఏడ్చుకోని, కలుసుకుంటిమి."

"మరి సాయిబుకు యాల చెప్పలేదమ్మా?"

"చెప్పుదామనే వస్తి. ఆ సాయంత్రం ఆయప్ప బొక్కలోంచి మొగం పెట్టి, 'సూడు ఎల్లమ్మా, వస్తాండాది' అన్నట్టు నాకేసి సూసి నవ్వినాడు. ఆ మొగం సూసినాక నాకు నోరు రాలేదు. రేపు చెప్పుదాంలే అనుకుంటి. ఇట్ల అయిపాయ."

"రోజూ కండ్లు తుడుసుకుంటావే!"

"తుడుసుకోకుంటే ఆయప్పకు దిగులు. ఒకసారి జరం వచ్చి తుడుసుకోకపోతే, నాకు సరీగా కనపడలేదేమో అని మర్నాడు ఆ ముక్క రెండుసార్లు ఏసినాడు!"

మునెప్పకు ఆ రోజు బాగా గుర్తుంది. మదనపల్లెలో ముందు, వెనక అని పందెం కాసినవాళ్లిద్దరూ గెలిచి, బీడీలిచ్చేవాడు లేక, ఇద్దరూ కలిసి అతని మీద పడిన రోజు అది.

"నా బిడ్డ ఎప్పుడూ పిలస్తానే ఉండాది, వచ్చి కూసోని తిను అమ్మా అని. నేను పోతే ఈ మనిషి ఆ ముక్కను ఎవురికి సూపిస్తాడు నాయనా? నువ్వు నోరు జారితివా, నీ మీద ఒట్టు, నేను ఊరుకోను."

మునెప్ప జవాబు చెప్పేలోపల డేరాలో ఏదో జరిగింది. అంటే, ఏదీ జరగలేదు. ఒక్క శబ్దం లేదు. పిల్లల ఏడుపు లేదు, దగ్గు లేదు, బీడీ ముట్టించే అగ్గిపుల్ల చప్పుడు లేదు. ఇద్దరూ గుడ్డ తొలగించి లోపలికి చూశారు.

తెర మీద గబ్బిలాల రాణి మెట్లు దిగుతోంది. ఆమె దిగేకొద్దీ మేడ పైకి పోతోంది. ఆమె కొంగు అంచు నుంచి చిన్న చిన్న గబ్బిలాలు రాలి, గోడల మీద పాకి, గోడలుగా మారిపోతున్నాయి. కింద ఒక పిల్ల నిద్రపోతోంది. ఆ పిల్ల కలలో కూడా అదే మేడ, అవే మెట్లు, అదే రాణి దిగుతోంది. గాలికి తెర లోపలికి పోయినప్పుడు రాణి ముఖం దూరమవుతోంది, బయటికి ఉబ్బినప్పుడు మొదటి వరస మీదికి వంగుతోంది. కుప్పం జనానికి దయ్యాలు కొత్త కాదు. కానీ ఇన్నేళ్లుగా ఇటువంటి చోట వాళ్లు భయపడలేదు, వేచి ఉన్నారు. ఇప్పుడు వేచి ఉన్నా ఎవరూ రావడం లేదు.

"బిందెలు యాడప్పా?" అన్నాడొకడు గొంగట్లోంచి, సన్నగా.

"వస్తాయిలే. ఉండు."

"ఎప్పుడొస్తాయి? ఆయమ్మ మెట్లన్నీ దిగిపాయ!"

"ఓ సాయిబూ! నీకు పున్నెముంటాది, పిల్లోళ్లను పంపించు!"

తెర వెనక వైపు నుంచి ఎడమచేతి ప్రేక్షకులు కూడా గొల్లుమన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో తెగిన పాటను తమ మాటలతో అందుకున్నారు, చీకట్లో పోయేవాళ్లు ధైర్యానికి పాడుకున్నట్టు. రెండో వరస, మూడో వరస కలిశాయి. డేరా అంతా ఎవరో దారి తప్పిన చుట్టాలను పిలుస్తున్నట్టు బిందెలను పిలిచింది.

మునెప్ప మిషను గదికి పరుగెత్తాడు. అక్కడ సాయిబు చేతులు కట్టుకుని, పద్ధతిగా నిలబడి ఉన్నాడు. రామచంద్ర మాత్రం రెండో బొక్కకు కన్ను ఆనించి, టోపీని రెండు చేతుల్తో నలిపేస్తున్నాడు. కంపెనీ మనిషికి ఆట జరిగేటప్పుడు టికెట్ల దగ్గరే పని. నెలల తరబడి గబ్బిలాల రాణి వెంట ఊరూరూ తిరిగినా అతను ఆమెను ఎన్నడూ చూడలేదు. ఈ రోజే, సాయిబును కాపలా కాయడానికి వచ్చి, సిగరెట్టు కూడా లేకుండా, చూస్తున్నాడు.

"సాయిబు గారూ," అన్నాడు కన్ను తీయకుండా. "ఆ రాణి ఇప్పుడేం చేస్తుంది?"

"నాకేం తెలుసు సార్. కొత్త బొమ్మ గదా."

"ఆ పిల్లను..."

"నోరు తెరుస్తాండాది సార్."

రామచంద్ర జేబులోంచి పట్టు రుమాలు లాగి సాయిబు చేతిలో పెట్టాడు. "పెట్టండి. తొందరగా పెట్టండి. ఎక్కడైనా సరే!"

సాయిబు మిషను ఆపాడు. డేరా చీకటైంది. ఆ చీకట్లో ఎవరూ కదలలేదు. లాంతరు వెలుగులో సాయిబు రెండు కొసలూ గీకి, జిగురు పూసి, వేళ్లతో నొక్కి పట్టుకుని, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. మునెప్ప వచ్చినంత వేగంగా గేటుకు పోయి ఎల్లమ్మ రెక్క పట్టుకున్నాడు.

"రా అమ్మా, బిరబిరా రా. నీ బిడ్డ వస్తాండాది."

"ఏ బిడ్డప్పా?"

"ఎవురో ఒకరు! గుంజకాడ కూసో. కొంగు చేత పట్టుకో."

వెలుగు వచ్చింది. రాణి నోరు తెరిచింది. ఆ నల్లటి నోట్లోంచి ఒక అట్ట చెట్టు మొలిచింది. చెట్టు వెనక నుంచి, ఎక్కడో చాలా దూరంలో నీళ్లు తోడుకుని ఇప్పుడే వస్తున్నట్టు, ఆరుగురు అమ్మాయిలు వచ్చారు. మంచులో వాళ్ల బిందెలు వెన్నెల ముద్దల్లా మెరిశాయి. మూడో అమ్మాయి అడుగు ఒక రవ్వ ఆలస్యంగా పడింది.

"వచ్చిరప్పా!"

"యాడికి పోయింటిరే ఇంతసేపు? ప్రాణాలు పోతాండె ఈడ!"

డేరా అంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది, తెర దానికి వెనక్కి ఊగింది. రెండో గుంజ దగ్గర ఎల్లమ్మ మునుపెన్నడూ లేనంత శ్రద్ధగా కళ్లు తుడుచుకుంది. నవ్వి నవ్వి ఆ రోజు నిజంగానే నీళ్లొచ్చాయి. మిషను గది బొక్కలో సాయిబు ముఖం కనిపించింది. ఆ ముఖం చూశాక, ఎల్లమ్మకు ఇన్నేళ్లూ నోరెందుకు రాలేదో మునెప్పకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆట అయ్యాక రామచంద్ర డేరాకు బాగా దూరంగా వెళ్లి ఒక సిగరెట్టు మొత్తం కాల్చి వచ్చి, కోటు సర్దుకుని, గంభీరంగా తీర్పు చెప్పాడు.

"బొమ్మకు ఏదీ కలపకూడదని కంపెనీ నియమం. కానీ మిషను ఆగిన చోట అతుకు వేయవచ్చు. దాన్ని రిపేరు అంటారు. రేపటి ఆటకూ ఆ రిపేరు అక్కడే ఉండాలి. నేను చూస్తాను." కాస్త ఆగి, "నేను బయటి నుంచి చూస్తాను," అని సవరించుకున్నాడు.

మర్నాడు దీపావళి. నెయ్యి చెంబుతో, బొగ్గుతో నడిచే బస్సు దిగి, తల్లిని చూడడానికి పాపమ్మ వచ్చింది. డేరా ముందు నులక మంచం మీద సాయిబు చాయ తాగుతున్నాడు. మునెప్పకు పారిపోదామనిపించింది.

"ఎవురు ఎల్లమ్మా ఈ పిల్ల?"

"మా సెల్లెలి కూతురు సాయిబూ," అంది ఎల్లమ్మ, కూతురి చెయ్యి గిల్లి.

సాయిబు ముఖం వికసించింది. మంచం మీద ముందుకు జరిగి, గొంతు తగ్గించి, "నీకు తెలుసునో లేదో, మీ పెద్దమ్మ బిడ్డ మదరాసులో సినిమాల్లో ఉండాదమ్మా. బిందెత్తుకోని ఆడతాది. ఊళ్లకు ఊళ్లు ఆ పిల్ల కోసరం కాసుకోని ఉంటాయి. సాయంత్రం ఆటకుండు, నీకు టికెట్టు వద్దులే," అన్నాడు.

పాపమ్మ తల్లికేసి చూసింది. మునెప్పకేసి చూసింది. మునెప్ప ఆకాశం చూశాడు.

"అంతమంది మొగోళ్ల ముందర బిందెత్తుకోని ఎగరతాదా? సిగ్గు లేదా ఆ పిల్లకు?"

"అట్ల అనగూడదమ్మా," అన్నాడు సాయిబు, నొచ్చుకుని. "బంగారట్లాంటి పిల్ల. అడుగు ఒక రవ్వ నిదానం, అంతే."

"ఏమో నాయనా. నేను ఆటకుంటే రేపు పొద్దున ఎనుములెవురు పిండతారు?" అని పాపమ్మ నెయ్యి చెంబు తల్లికిచ్చి, చెనిక్కాయలు కొంగున కట్టుకుని, అదే బస్సులో తిరిగి వెళ్లిపోయింది.

ఆమె తన జన్మలో ఒక్క సినిమా కూడా చూడలేదు.